లాంగ్ టర్మ్ ఫీజు దేనికి కడుతున్నాం?

నీట్ ఫలితాలు వచ్చిన మర్నాడు మా చెల్లెలు, మేనకోడలు పొద్దున్నే ఇంటికి వచ్చారు. అమ్మాయి చేతిలో స్కోరు కార్డు, తల్లి చేతిలో మూడు రంగురంగుల బ్రోచర్లు. 2025 నీట్‌లో 720కి 412 మార్కులు. కాఫీ చల్లారకముందే చెల్లెలు అడిగింది: "అన్నయ్యా, లాంగ్ టర్మ్ ఎక్కడ వేద్దాం?" లాంగ్ టర్మ్ అంటే నీట్ మళ్లీ రాసేవారికి దాదాపు ఏడాది పాటు ఇచ్చే కోచింగ్. ఎక్కడ అని అడిగింది గానీ వేయాలా వద్దా అని అడగలేదు. ఇరవై ఏళ్లు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పినవాడిని కాబట్టి ఏటా జూన్‌లో నాకు ఇలాంటి ఫోన్లు చాలా వస్తాయి. అందరిదీ ఇదే ప్రశ్న. ఏ ఊళ్లో, ఏ క్యాంపస్‌లో, ఏ బ్యాచ్‌లో అనే వెతుకులాట మొదలయ్యేసరికే అసలు నిర్ణయం జరిగిపోయి ఉంటుంది. డబ్బు పెట్టి కోచింగ్ తీసుకుంటే మెడికల్ సీటు అవకాశం నిజంగా పెరుగుతుందా, పెరిగితే ఎవరికి, ఎంత అన్నది ఎవరూ కూర్చుని లెక్క వేయరు. ఆ ప్రయత్నం ఇక్కడ చేస్తాను.

ముందు పోటీ సంగతి. 2025లో నీట్ రాసినవారు 22 లక్షల పైచిలుకు. అర్హత సాధించినవారు 12 లక్షల 36 వేల మంది. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేలకు అటూ ఇటూ. అంటే అర్హత సాధించిన పదిమందిలో ఒకరికి సీటు. ఆ ఏడాది జనరల్ కేటగిరీలో అర్హతకు 144 మార్కులు చాలు. ఆ మార్కులతో తెలుగు రాష్ట్రాల్లో కన్వీనర్ కోటా సీటు, అంటే ర్యాంకును బట్టి తక్కువ ఫీజుకు వచ్చే సీటు, కలలోకి కూడా రాదు. కాబట్టి ‘మా దగ్గర చదివినవారిలో ఇంతమంది క్వాలిఫై అయ్యారు’ అని ఏ సంస్థ అయినా చెబితే, ఆ అంకెను పక్కన పెట్టేయవచ్చు.

మార్కుల మాటకొస్తే, వాటినీ ఏడాదితో కలిపే చదవాలి. 2024లో వివాదాలన్నీ ముగిసి సవరించిన ఫలితాలు వచ్చాక కూడా 720కి 720 తెచ్చుకున్నవారు 17 మంది ఉన్నారు. 2025లో ఫిజిక్స్ పేపరు చుక్కలు చూపించింది. దేశంలో మొదటి ర్యాంకు మార్కులే 686. 2024లో 412, 2025లో 412 ఒకటి కావు. పక్కింటి అబ్బాయి లాంగ్ టర్మ్‌కు వెళ్లి 120 మార్కులు పెంచుకున్నాడంటే, అందులో అబ్బాయి పెంచుకున్నదెంత, పేపరు పెంచినదెంత అని అడగాలి. పోల్చవలసింది ర్యాంకులను.

ఇక డబ్బు. 2025 నాటికి తెలంగాణలో ప్రభుత్వ వైద్య కళాశాల ట్యూషన్ ఫీజు ఏటా 10 వేలు. ప్రైవేటులో కన్వీనర్ కోటా అయితే 60 వేలు. అదే కళాశాలలో, అదే తరగతి గదిలో, పక్క బెంచీ మీద బి కేటగిరీలో, అంటే మేనేజ్‌మెంట్ కోటాలో, కూర్చుంటే ఏటా పదకొండు లక్షలు దాటుతుంది. కోర్సు పూర్తయ్యేసరికి అరకోటి తేడా. హాస్టల్‌తో కలిపి లక్షన్నర, రెండు లక్షలు లాంగ్ టర్మ్‌కు పోయడానికి తల్లిదండ్రులు ఎందుకు వెనుకాడరో ఇక్కడ అర్థమవుతుంది. వాళ్లేమీ తెలివితక్కువవాళ్లు కాదు. అరకోటి మిగిలే అవకాశం కోసం రెండు లక్షలు పందెం కాస్తున్నారు.

అయితే పందెం విలువ బహుమతి ఒక్కదానితో తేలదు. కోచింగ్ వల్ల అవకాశం ఎంత మారుతుందన్నదే అసలు సంగతి. మాటవరసకు ఒక విద్యార్థికి సొంతంగా చదివితే నూటికి ఇరవై పాళ్లు అవకాశం ఉందనీ, కోచింగ్‌తో అది ముప్పై అవుతుందనీ అనుకుందాం. పెరిగిన పది పాళ్లకు అరకోటి లెక్కన విలువ అయిదు లక్షలు. రెండు లక్షలు పెట్టడం లాభమే. మరొకరికి రెండు పాళ్లున్నది నాలుగు అయిందనుకుందాం. విలువ లక్ష, పెట్టింది రెండు లక్షలు, పైగా ఒక ఏడాది. ‘అవకాశం రెట్టింపయింది’ అని బ్రోచరులో నిజాయితీగానే రాసుకోవచ్చు, నష్టం మాత్రం నష్టమే. బి కేటగిరీ సీటు ఎలాగూ కొనలేని ఇంటికి ఈ అరకోటి లెక్క అసలు వర్తించదు. అక్కడ తూకంలో రెండో వైపు ఉండేది మరో చదువు, మరో ఏడాది.

మరి అవకాశం ఎంత మారుతుందో ఎలా తెలుస్తుంది? ప్రకటనల్లో మాత్రం తెలియదు. ‘ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు’ అంటూ టీవీలో గుక్క తిప్పుకోకుండా ర్యాంకులు చదివిన గొంతు తెలుగువాళ్లకు ఈ జన్మలో మరపునకు రాదు. ఆ ర్యాంకులు అబద్ధం కావు. కానీ వాటి వెనుక ఉన్న ఏర్పాటును చూడాలి. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లల ఇంటికి పీఆర్వోలు వెళ్తారు; ఫీజులో సగం తగ్గిస్తామంటారు, ఇంకా చురుకైనవాడైతే మొత్తం మాఫీ. లాంగ్ టర్మ్‌లోనూ అంతే: నిరుడు నీట్‌లో ఎంత ఎక్కువ మార్కులు వస్తే అంత రాయితీ. అలా ఏరుకొచ్చినవాళ్లను ఒక ప్రత్యేక సెక్షన్‌లో కూర్చోబెట్టి, అందరికన్నా మంచి అధ్యాపకులను వాళ్లకు ఇస్తారు. ఫలితాల మర్నాటి పత్రిక మొదటి పేజీ నిండా వాళ్ల ఫొటోలే. చల్లగా ఆలోచిస్తే, ఫొటో ఉన్న పిల్లవాడి ఫీజు కట్టింది ఫొటో లేని పిల్లవాడి తండ్రి.

ఏరిన విత్తనాలు మొలకెత్తడం ఎరువు గొప్పతనమని చెప్పలేం. అలాగని ఎరువు పనికిరాదనీ చెప్పలేం. ఆ రెండింటినీ విడదీసే అంకెలు, అంటే 400 మార్కులతో చేరినవారు సగటున ఎంతకు చేరారు, మధ్యలో వదిలేసినవారెందరు, ఏ ర్యాంకు ఎంతమందికి వచ్చింది అన్నవి, సంస్థల దగ్గర తప్పకుండా ఉంటాయి. ప్రతి వారం పరీక్ష పెట్టి మార్కులు కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్ల దగ్గర లేకపోవడం ఎలా? కానీ బయట పెట్టరు. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు తెచ్చింది. విజేత ఫొటో వేయాలంటే ఎంపికయ్యాక అతని రాతపూర్వక అనుమతి ఉండాలి. అతను ఏ కోర్సు, ఎంత కాలం చదివాడు, డబ్బు కట్టి చదివాడా లేదా అన్నది చెప్పాలి. ఇది మంచి అడుగే. అయినా ఫొటో లేనివారి సంగతి చెప్పమని అడిగే నిబంధన మాత్రం అందులోనూ లేదు.

పరిశోధనల వైపు చూస్తే మనకు దగ్గరగా ఉన్నది తమిళనాడు ప్రభుత్వం వేసిన జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ నివేదిక. ఆ రాష్ట్రంలో నీట్ రాకముందు, 2016-17లో ఎంబీబీఎస్‌లో చేరినవారిలో రెండోసారి ప్రయత్నించి వచ్చినవారు 12.47 శాతం. 2020-21 నాటికి వాళ్ల వాటా 71.42 శాతం. దీన్ని పట్టుకుని ‘చూశారా, లాంగ్ టర్మ్ లేకపోతే సీటు లేదు’ అనేవారున్నారు. ఆ అంకె చెప్పేది అది కాదు. ఈ పరీక్షకు రెండో ఏడాది సమయం చాలా ఉపకరిస్తుందని చెబుతోంది. ఆ సమయాన్ని డబ్బు పోసి కొన్న హాస్టల్లో గడిపారా, ఇంట్లో గడిపారా అన్నది వేరే ప్రశ్న. ఎవరైనా ఏడాది పాటు అదే సిలబస్ మళ్లీ చదివితే ఎంతో కొంత పెరుగుతారు. ఆ పెరుగుదల మొత్తాన్నీ కోచింగ్ ఖాతాలో వేసుకుంటారు.

అమెరికా మాట కూడా ఒకటి తరచూ వినిపిస్తుంది. అక్కడ కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష మీద జరిగిన అధ్యయనాలను 2009లో డెరెక్ బ్రిగ్స్ సమీక్షించి, కోచింగ్ వల్ల పెరిగేది 1600 మార్కులకు సగటున 30 చుట్టుపక్కలేనని తేల్చారు. కోచింగ్ వ్యతిరేకులు దీన్ని జెండాలా ఊపుతారు. నాకు మాత్రం ఈ పోలిక అతకదనిపిస్తుంది. శాట్ కొలిచేది చాలావరకు ఏళ్ల తరబడి అలవడిన చదువరితనాన్ని, తార్కికతను. నీట్ రెండేళ్ల సిలబస్ మీద పరీక్ష. చెప్పి నేర్పగల విషయం ఇక్కడ ఎక్కువ. కాబట్టి మంచి బోధన, మంచి సాధన ఫలితం చూపించడానికి ఇక్కడ చోటుంది.

అందుకే కోచింగ్ మంచిదా కాదా అని గుండుగుత్తగా అడగడం దండగ. అందులో నాలుగు సరుకులు ఒకే మూటగా కట్టి అమ్ముతున్నారు: పాఠం, పరీక్ష, పహారా, పోటీ. అధ్యాపకుడు చెప్పేది పాఠం. వారం వారం పెట్టేది, చివర్లో పూర్తి సిలబస్ మీద గ్రాండ్ టెస్టులుగా మారేది పరీక్ష. తెల్లవారుజామున నిద్ర లేపి, ఫోను తీసుకుని, రాత్రి స్టడీ అవర్ దాకా కూర్చోబెట్టేది పహారా. పక్కన అదే పని చేస్తున్న అరవై మంది ఉండటం పోటీ. నాలుగూ అందరికీ అక్కర్లేదు. కానీ విడిగా కావాలంటే క్యాంపస్‌లో దొరకవు.

ఒకప్పుడు మూటకు మూటా కొనక తప్పని పరిస్థితి ఉండేది. నీట్‌కు ముందున్న రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎంసెట్ మెడికల్‌లో 160 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు, ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ. తెలుగు అకాడమీ పుస్తకం కంఠతా పట్టి, ఒక్క గడి కూడా ఖాళీ వదలకుండా నింపి రావడమే విద్య. 2016 జులైలో తెలంగాణ మెడికల్ ఎంసెట్ పేపరు లీకై, పిల్లలు సెప్టెంబరులో మళ్లీ రాశారు. ఆ మరుసటి ఏడాది నుంచి రెండు రాష్ట్రాల్లోనూ నీటే. వెయిటేజీ పోయింది, తప్పుకు ఒక మార్కు కోత వచ్చింది, పుస్తకం కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీది అయింది. ఆ మొదటి రెండు మూడేళ్లలో కోచింగ్ సంస్థలకు నిజమైన ఆధిక్యం ఉండేది. కొత్త పరీక్ష తీరు వాళ్లకు తెలుసు, ప్రభుత్వ కాలేజీలో మాకు అంతగా తెలియదు. ఒప్పుకోవడానికి నామోషీ ఏమీ లేదు. ఇప్పుడు ఆ రహస్యమేమీ మిగల్లేదు. పాత పేపర్లన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26లో మొదటి ఏడాదికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్‌నే తెచ్చుకుంది.

మేనకోడలి దగ్గరికి వద్దాం. బ్రోచర్లు పక్కన పెట్టి, ఆమె ఓఎంఆర్ జవాబు పత్రం కాపీ, ప్రశ్నపత్రం, కీ ముందేసుకుని కూర్చున్నాం. బయాలజీలో 90 ప్రశ్నలకు 74 ఒప్పు, 14 తప్పు, రెండు వదిలేసింది, 282 మార్కులు. కెమిస్ట్రీలో 26 ఒప్పు, 14 తప్పు, 90 మార్కులు. ఫిజిక్స్‌లో 14 ఒప్పు, 16 తప్పు, 15 ఖాళీ, 40 మార్కులు. ఇంట్లో అందరికీ తెలిసిన అంకె 412. కానీ ఈ మూడు వరుసలు పక్కపక్కన రాసేదాకా జబ్బు ఎక్కడుందో తల్లికీ తెలియలేదు, పిల్లకూ తెలియలేదు.

తర్వాత, మార్కులు రాని 31 ఫిజిక్స్ ప్రశ్నలను గడియారం లేకుండా మళ్లీ చేయమన్నాను. రెండు సాయంత్రాలు పట్టింది. తొమ్మిది తనంతట తానే చేసేసింది. పరీక్షలో వాటిలో ఆరు తప్పు పెట్టింది, మూడు వదిలేసింది. మరో ఏడింటిలో సూత్రం సరిగ్గా రాసి మధ్యలో ఆగిపోయింది. ఒక లెక్కలో గంటకు 72 కిలోమీటర్లను సెకనుకు 20 మీటర్లుగా మార్చకుండానే పరుగు తీసింది. మిగిలిన పదిహేనింటికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు; పెన్ను కాగితం మీద అలా ఆనించి ఉంచి నా మొహం చూసింది.

బయాలజీలో 14 తప్పులకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఇచ్చి జవాబు ఉన్న వాక్యం వెతకమన్నాను. తొమ్మిదింటికి దొరికింది. ఈ రకం తప్పు ఎలా పుడుతుందో ఆమె పాత గ్రాండ్ టెస్టులో ఒక ప్రశ్న చక్కగా చూపించింది. ఈసీజీలో పి తరంగం దేన్ని సూచిస్తుంది? ఆమె పెట్టిన జవాబు కర్ణికల (గుండె పై గదుల) సంకోచం. పుస్తకంలో ఉన్నది కర్ణికల విధ్రువణం, అంటే డీపోలరైజేషన్ అనే విద్యుత్ ప్రేరణ. దాని ఫలితంగా కర్ణికలు సంకోచిస్తాయని ఆ వాక్యమే చెబుతుంది. ప్రశ్న తయారుచేసినవాడు రెండింటినీ ఆప్షన్లలో పెట్టాడు. ఆమె రెండేళ్లు మోసిన మెటీరియల్‌లో ఆ వాక్యాన్ని కుదించి ‘పి: కర్ణికల సంకోచం’ అని రాసి ఉంది. డబ్బు పెట్టి కొన్న ఆ సంక్షిప్తమే మార్కులు తినేసింది.

ఇప్పుడు కూడిక. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి కాబట్టి, తప్పు ఒప్పయితే అయిదు మార్కుల తేడా. బయాలజీలో తొమ్మిదికి 45. ఫిజిక్స్‌లో ఆరు తప్పులకు 30, మూడు ఖాళీలకు 12. మొత్తం 87. ఈ మార్కులు మొత్తం వచ్చి ఒళ్లో వాలతాయని కాదు. గడియారం ఎదురుగా ఉంటే కొన్ని జారిపోతాయి. కానీ 412 నుంచి 499 దాకా ఉన్న దారిలో ఎవరూ కొత్త పాఠం చెప్పనక్కర్లేదు. కావలసింది అసలు పుస్తకం చదవడం, గడియారం పెట్టుకుని పరీక్ష రాయడం, రాసినదాన్ని విప్పి చూసుకోవడం. మొదలే తెలియని పదిహేను ఫిజిక్స్ ప్రశ్నలకు, సగంలో ఆగిన ఏడింటికి మాత్రం మనిషి కావాలి. ఇంటర్ మొదటి ఏడాది నుంచి గమన నియమాలు, శక్తి, భ్రమణం మళ్లీ చెప్పగల ఓపిక ఉన్న మనిషి.

సాధన పరీక్షల విలువ గురించి నాకు సందేహం లేదు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసిన ప్రయోగం విద్యా మనస్తత్వశాస్త్రంలో పేరున్నది. ఒక భాగాన్ని పదేపదే చదివినవాళ్లు, ఒకసారి చదివి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే రాసినవాళ్లు ముందుకొచ్చారు. కోచింగ్ మూటలో నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపించే సరుకు ఇదే, విడిగా కొంటే అన్నిటికన్నా చవకైనదీ ఇదే. టెస్ట్ సిరీస్ ఒక్కటే కొనుక్కుంటే కొద్ది వేలు. కేంద్ర విద్యాశాఖ, కాన్పూర్ ఐఐటీ కలిసి నడిపే ‘సాథీ’ పోర్టల్‌లో పాఠాలూ పరీక్షలూ ఉచితం.

పరీక్ష రాసే ఒడుపు గురించి ఒక పక్కమాట. ‘తెలియకపోతే వదిలేయండి, గుడ్డిగా పెట్టకండి’ అని అందరం చెబుతాం, నేనూ చెప్పాను. లెక్క వేస్తే అది పూర్తిగా నిజం కాదు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే నాలుగింట ఒక వంతు నాలుగు మార్కులు, మూడు వంతులు మైనస్ ఒకటి. సగటున ప్రశ్నకు పావు మార్కు లాభమే. రెండు ఆప్షన్లను కొట్టేయగలిగితే సగటు లాభం ఒకటిన్నర మార్కు. చిక్కంతా ఎక్కడంటే, సగం తెలిసినవాడు గుడ్డిగా పెట్టడు. పి తరంగం లాంటి వలలో నమ్మకంగా పడతాడు. అందువల్ల ఎవరి ఊహలు ఎంతవరకు నిజమవుతున్నాయో వాళ్ల సొంత పరీక్షల్లోనే లెక్కపెట్టుకోవాలి. అయిదింట ఒకటి కన్నా ఎక్కువ నిజమైతే పెట్టవచ్చు, తక్కువైతే ఆపాలి. అరవై మంది సెక్షన్‌లో ఈ లెక్క ఒక్కొక్కరికి విడిగా ఎవరు వేసిపెడతారు?

పహారా సంగతి అంత తేలిగ్గా తేలదు. ఇంట్లో టీవీ, చుట్టాలు, ఫోను, ఒకే గది. పొలం పనులో కిరాణా కొట్టో చూసుకోవలసిన పిల్లలు. వీళ్లకు హాస్టల్ అంటే రోజుకు పది గంటల నిశ్శబ్దం, వేళకు తిండి. దాన్ని చులకన చేసే హక్కు సొంత గది ఉన్నవాళ్లకు లేదు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల గౌలిదొడ్డి కేంద్రం, కర్నూలు దగ్గర చిన్నటేకూరులోని గురుకుల అకాడమీ అదే పని ప్రభుత్వ ఖర్చుతో చేస్తున్నాయి, అక్కడి పిల్లలు ఎంబీబీఎస్ సీట్లు తెచ్చుకుంటున్నారు. అర్హత ఉన్న ఇళ్లు ముందు అటు చూడాలి.

కానీ ఇదే పహారాకు మరో ముఖం ఉంది. 2023 జులైలో విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించింది. ఆ కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ, కోచింగ్ కేంద్రాలతో సహా, 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట మానసిక ఆరోగ్య నిపుణులు ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, అందరి ముందు అవమానించకూడదు. మార్కులను బట్టి సెక్షన్లు మార్చడమే మన క్యాంపస్‌ల పునాది రాయి. వారం పరీక్షలో నాలుగు మార్కులు తగ్గితే పెట్టె సర్దుకుని కింది సెక్షన్‌కు పోవడం ఇక్కడి పిల్లలకు మామూలు విషయం. అలా దిగిన పిల్లవాడికి అధ్యాపకుడూ మారతాడు. వాడికి పోటీ అనే సరుకు అందలేదు. వాడు పైవాళ్లకు పోటీగా ఉపయోగపడ్డాడంతే.

ఇంతకీ ఎవరు చేరవచ్చు? నా అంచనా చెబుతాను, ఇది శాసనం కాదు. నిరుటి ర్యాంకు తన కేటగిరీలో చివరి కన్వీనర్ సీటుకు కొద్ది దూరంలో ఆగిపోయినవారికి పాఠాలు మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదు. టెస్ట్ సిరీస్, ఒకరిద్దరు అధ్యాపకుల సాయం చాలు. మధ్యలో ఉండి, ఒక సబ్జెక్టు పూర్తిగా కుంటుపడి, ఇంట్లో చదువు సాగనివారికి లాంగ్ టర్మ్ డబ్బు వృథా కాకపోవచ్చు, ఆ సబ్జెక్టు వాళ్ల సెక్షన్‌కు ఎవరు చెబుతారో ముందే తెలుసుకుంటే. మూడు సబ్జెక్టుల్లోనూ ఇంటర్ పునాదే లేనివారిని పది నెలల పరుగులో పడేయడం మాత్రం అన్యాయం. అక్కడ పాఠం అయిదో గేరులో మొదలవుతుంది. నీట్ ఎన్నిసార్లు రాయవచ్చన్న పరిమితి లేదు, పై వయసు పరిమితీ లేదు. అందుకే రెండో లాంగ్ టర్మ్, మూడో లాంగ్ టర్మ్ అంటూ ఇరవై రెండేళ్లు వచ్చేదాకా అదే బెంచీ మీద ఉండిపోయినవాళ్లను చూశాను. మొదటి ఏడాదిలో కదలని ర్యాంకు మూడో ఏడాదిలో కదిలిన సందర్భాలు నా ఎరుకలో బహు తక్కువ.

డబ్బు కట్టేముందు ఒక కాగితం చూసుకోవాలి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మొత్తం ఫీజు కట్టి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి తగిన మొత్తాన్ని పది రోజుల్లో తిరిగి ఇవ్వాలి, హాస్టల్, మెస్ ఫీజులతో సహా. అదే పత్రం 16 ఏళ్ల లోపు పిల్లలను చేర్చుకోవద్దని కూడా అంటుంది. ఇవి మార్గదర్శకాలే, రాష్ట్రాలు అమలు చేస్తేనే పళ్లు వస్తాయి. అయినా రసీదు వెనుక ‘కట్టిన ఫీజు వాపసు ఇవ్వబడదు’ అని ఉంటే, ఆ మాట ఎత్తి అడగడానికి ఒక ఆధారం. కోచింగ్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుందన్నదీ గుర్తుంచుకోవాలి. కౌంటర్లో చెప్పిన మొత్తంలో అది కలిసిందో లేదో చాలామంది రెండో వాయిదాకు గానీ తెలుసుకోరు.

ఆ ఆదివారం ముగ్గురం ఒక క్యాంపస్‌కు వెళ్లాం. ఏసీ గది, గోడ నిండా తెల్ల కోట్ల పిల్లల ఫొటోలు. కౌంటర్లో ఉన్నాయన ముందు మార్కులడిగి, తర్వాత ఫీజు చెప్పారు. 500 దాటి ఉంటే సగం తగ్గేదట. నేను అడిగాను: "నిరుడు 400, 450 మధ్య మార్కులతో మీ దగ్గర చేరినవారు ఎంతమంది? వాళ్లలో ఎంతమందికి కన్వీనర్ సీటు వచ్చింది?" ఆయన నవ్వి, బ్రోచరు నా వైపు తిప్పి, "సార్, స్టేట్ టాపర్ మావాడే" అన్నారు. మళ్లీ అడిగాను. మళ్లీ మొదటి పేజీయే చూపించారు. చెల్లెలు చేతి సంచిలో చెక్కుబుక్కు కోసం తడుముకుంటోంది. మేనకోడలు మాత్రం మా మాటలు వినడం లేదు. తలుపు పక్కన అంటించిన టైం టేబుల్ ముందు నిలబడి వేళ్ల మీద ఏదో లెక్కపెడుతోంది.

"మామయ్యా," అంది వెనక్కి తిరక్కుండానే, "వీళ్లు బయాలజీ రోజుకు మూడు గంటలు చెబుతారట. ఫిజిక్స్ గంటన్నరే."